టాలీలో నేరుగా కొట్టాలా, ఎక్సెల్ నుంచి ఎక్కించాలా? ఏ పనికి ఏది మేలు

షాపు లెక్కలు కొత్తగా చేతికి తీసుకున్నవాళ్లు, పదేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నవాళ్లు కూడా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. బిల్లులన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ కూర్చోవాలా, ఎక్సెల్‌లో రాసి ఒకేసారి ఎక్కించేయొచ్చా?

ఎక్కించొచ్చు. కాకపోతే అన్నీ కాదు. కొన్ని పనులకు ఎక్సెల్ దారి పట్టకపోతే రోజులు వృథా. ఇంకొన్నిటికి ఎక్సెల్ దారి పడితే ఒకే పని రెండుసార్లు చేసినట్టే. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియక చాలామంది ఒక నెల ఉత్సాహంగా షీటు మొదలుపెట్టి, మరుసటి నెల విసిగి పాత దారికే వచ్చేస్తున్నారు. ఆ నెల రోజుల శ్రమ మీకు తప్పాలని ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ టాలీప్రైమ్‌వే, ఎందుకంటే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నేను చూసే షాపుల్లో ఎక్కువగా ఉన్నది అదే. జోహో బుక్స్ లాంటి వేరే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు మెనూలు మారతాయి గానీ ఆలోచన మారదు.

డేటా ఎక్కడ పుట్టింది?

దారి ఎంచుకునే ముందు అందరూ “నెలకు ఎన్ని బిల్లులు?” అని చూస్తారు. నేను ముందు చూసేది అది కాదు. ఆ అంకెలు కాగితం మీద పుట్టాయా, కంప్యూటర్‌లో పుట్టాయా అని చూస్తాను.

కాగితం మీద ఉన్న బిల్లును ఎవరో ఒకరు చూసి టైపు చేయక తప్పదు. టాలీలో చేసినా టైపే, ఎక్సెల్‌లో చేసినా టైపే. ఎఫ్9 నొక్కి పర్చేజ్ వోచర్ (కొనుగోలు పద్దు రాసే పేజీ) తెరిచి, సరఫరాదారు బిల్లు నంబరు, పార్టీ, సరుకు, రేటు కొట్టి, కంట్రోల్+ఏతో ఒప్పేసుకోవడం అలవాటైన చేతికి పెద్ద పని కాదు. పైగా పార్టీ పేరు రెండక్షరాలు కొట్టగానే టాలీ జాబితా చూపిస్తుంది. పన్ను తనే లెక్కేస్తుంది. లెడ్జర్ (ఆ పార్టీ పేరు మీద ఖాతా) లేకపోతే ఆల్ట్+సీతో అక్కడికక్కడే తయారు చేసుకోవచ్చు. ఆ సాయాలన్నీ వదులుకుని ఖాళీ షీటులో అవే అక్షరాలు కొట్టి, తర్వాత దాన్ని టాలీలోకి తోయడంలో లాభం తక్కువ.

అదే బ్యాంకు స్టేట్‌మెంటు అనుకోండి. అది బ్యాంకు నుంచే ఎక్సెల్‌గానో సీఎస్‌వీగానో వస్తుంది. జీఎస్టీఆర్-2బీ, అంటే సరఫరాదారులు మన నంబరు మీద చూపిన బిల్లుల పట్టిక, జీఎస్టీ పోర్టల్ నుంచి ఎక్సెల్‌గా దిగుతుంది. కౌంటర్‌లో వేరే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాని అమ్మకాల రిపోర్టు ఎక్సెల్‌గా వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఆ కంపెనీలు ఇచ్చే నెలవారీ పన్ను రిపోర్టూ అంతే. ఇప్పటికే అంకెల రూపంలో ఉన్నదాన్ని ప్రింటు తీసి, పక్కన పెట్టుకుని, చూసి మళ్లీ కొట్టడం నేను చాలాచోట్ల చూశాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అలా కొట్టే అమ్మాయి, అబ్బాయి కళ్లు, మెడ అరిగిపోవడం తప్ప ఆ పనిలో ఏమీ లేదు. ప్రతి మళ్లీ కొట్టుడులోనూ 5,460 కాస్తా 5,640 అయ్యే అవకాశం ఒకటి కొత్తగా పుడుతుంది.

షీటును చిట్టాలా చూడండి

పాత పద్ధతిలో ముందు చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), దాని నుంచి ఆవర్జా (ఖాతాల పుస్తకం), చివర అంకణా (ఖాతాల నిల్వల పట్టిక). ఏ పద్దైనా నేరుగా ఆవర్జాలోకి వెళ్లేది కాదు. చిట్టాలో రాసిన దాన్ని సాయంత్రం కూర్చుని ఒకటికి రెండుసార్లు చూసుకుని అప్పుడు ఆవర్జాకు ఎక్కించేవారు. కంప్యూటర్ వచ్చాక వోచర్ కొట్టగానే ఆవర్జా, అంకణా తమంతట తామే అయిపోతున్నాయి. వేగం వచ్చింది. మధ్యలో ఆగి చూసుకునే మెట్టు మాత్రం పోయింది.

ఎక్సెల్ దారిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ మెట్టు తిరిగి రావడమే. మూడొందల వరుసలు కళ్ల ముందు ఒకేచోట ఉంటాయి. ఫిల్టర్ పెట్టొచ్చు, కూడొచ్చు, ఒకే బిల్లు నంబరు రెండుసార్లు వచ్చిందేమో కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో పట్టొచ్చు. టాలీలోకి వెళ్లకముందే తప్పు దొరికితే దిద్దడం ఒక్క క్షణం పని. రిటర్న్ వేసేశాక దొరికితే సవరణలు, పార్టీకి ఫోన్లు, ఆడిటర్ గారికి సంజాయిషీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు కదా.

కాబట్టి ఏ దారి మేలో తూచేటప్పుడు “ఎంత వేగం” అన్నదానికంటే “తప్పు ఎక్కడ ఆగుతుంది” అన్నది చూడండి. నేరుగా ఎంట్రీలో తప్పు కొట్టేవాడి కళ్ల దగ్గర ఆగాలి. మంచి షీటులో అది ఫార్ములా దగ్గర ఆగుతుంది. చెక్కులు లేని షీటు అయితే ఎక్కడా ఆగదు, మూడొందల తప్పులు ఒక్క బటన్‌తో లోపలికి పోతాయి. మూడింటిలోకీ ప్రమాదం ఆ మూడోదే. అలాంటి షీటు కంటే నెమ్మదిగా చేత్తో కొట్టుకోవడమే నయం.

బ్యాంకు స్టేట్‌మెంటు: ఇక్కడ ఎక్సెల్‌కు పోటీ లేదు

టాలీప్రైమ్ 4.0 విడుదల నుంచి ఎక్సెల్ ఫైలును నేరుగా తీసుకుంటుంది. అంతకుముందు ఎక్స్‌ఎంఎల్‌గా మార్చితేనే తీసుకునేది. ఆల్ట్+ఓ నొక్కితే ఇంపోర్ట్ మెనూ వస్తుంది. మాస్టర్లు అంటే లెడ్జర్లు, సరుకుల పేర్లు. ట్రాన్సాక్షన్లు అంటే వోచర్లు. మీ షీటులోని ఏ కాలమ్ టాలీలో ఏ గడికి పోవాలో ఒకసారి మ్యాపింగ్ టెంప్లేట్‌గా కట్టిపెట్టుకుంటే ప్రతి నెలా అదే పనికొస్తుంది. నమూనా ఎక్సెల్ ఫైళ్లు టాలీయే ఇస్తుంది. మొదటిసారి వాటితోనే మొదలుపెట్టండి, సొంత ఫార్మాట్ తర్వాత చూసుకోవచ్చు.

బ్యాంకు ఫైలు తెరిచాక నేను చేసేది ఇది. బ్యాంకు ఇచ్చిన షీటును ముట్టుకోను, పక్కన ఇంకో షీటు తెరుస్తాను. మూడో షీటులో చిన్న పట్టిక ఉంటుంది. ఎడమ గడిలో నెరేషన్‌లో (బ్యాంకు రాసే వివరణలో) కనిపించే గుర్తు మాట, కుడి గడిలో టాలీలోని లెడ్జర్ పేరు. కరెంటు బిల్లు, అద్దె, ఫలానా సరఫరాదారు, బ్యాంకు చార్జీలు, ఇలా. రెండో షీటులో నెరేషన్‌ను ఆ పట్టికతో పోల్చి లెడ్జర్ పేరు పడేలా ఫార్ములా పెడతాను. పట్టికలో దొరకనివి సస్పెన్స్ (ఏ ఖాతాదో ఇంకా తేలనిది) అని రంగుతో నిలబడతాయి. మొదటి నెల సగానికి సగం రంగే ఉంటుంది, కంగారు పడొద్దు. ప్రతి నెలా కొత్త మాటలు పట్టికలో చేరుస్తూ పోతే, మూడు నాలుగు నెలలకు మీ కంటితో చూడాల్సినవి కొద్ది వరుసలే మిగులుతాయి.

డబ్బు వస్తే రిసీట్, పోతే పేమెంట్ అని వోచర్ రకాన్ని ఫార్ములాకు వదిలేయొచ్చు. ఇక్కడే ఒక గుంట ఉంది. షాపుకు రెండు బ్యాంకు ఖాతాలు ఉండి, ఒకదాని నుంచి ఇంకోదానికి రెండు లక్షలు పంపారనుకోండి. మొదటి స్టేట్‌మెంటులో అది డెబిట్‌గా, రెండోదానిలో క్రెడిట్‌గా కనిపిస్తుంది. రెండు ఫైళ్లూ ఎక్కిస్తే ఒక్క బదిలీ రెండు కాంట్రాలవుతుంది (కాంట్రా అంటే సొంత ఖాతాల మధ్య బదిలీ పద్దు). షాపు నగదు బ్యాంకులో వేసినప్పుడూ అంతే. క్యాష్‌బుక్‌లో ఒకసారి రాసే ఉంటారు, బ్యాంకు ఫైలు నుంచి మళ్లీ వస్తుంది. సొంత ఖాతాల బదిలీలను ఒక్క బ్యాంకు ఫైలు నుంచే ఎక్కిస్తానని ముందే నియమం పెట్టుకుని, రెండో ఫైలులో ఆ వరుసలు తీసేయండి.

కిరాణా, మెడికల్ షాపుల్లో యూపీఐ వచ్చాక స్టేట్‌మెంటు నిండా 40 రూపాయలు, 115 రూపాయలే. వాటిని ఒక్కొక్క రిసీట్‌గా ఎక్కించమని నేను చెప్పను. పివట్ టేబుల్‌తో రోజు మొత్తం తీసి రోజుకు ఒక్క రిసీట్ వేయండి. బ్యాంకు రికన్సిలేషన్‌లో (టాలీని స్టేట్‌మెంటుతో సరిచూసుకోవడంలో) వరుసకు వరుస కలవదు, రోజు మొత్తంతోనే కలుపుకోవాలి. ఆ ఇబ్బంది ఉన్నా, వేల వోచర్లతో డేబుక్ (టాలీలో రోజువారీ పద్దుల జాబితా) నింపుకోవడం కంటే ఇది మేలని నా అభిప్రాయం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక హోల్‌సేల్ షాపు బ్యాంకు ఫైలు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక, ఎంతవరకు ఎక్కిందో చూడకుండా మొత్తం ఫైలు మళ్లీ తోశాను. మొదటిసారే చాలా వరకు ఎక్కేసింది. వోచర్ నంబర్లు ఆటోమేటిక్‌లో ఉండడంతో రెండో విడతకు కొత్త నంబర్లు పడ్డాయి, ఎక్కడా అభ్యంతరం రాలేదు. నెలాఖరున బ్యాంకు నిల్వ కలవకపోతేగానీ తెలియలేదు. బ్యాకప్ తీసుకోలేదు. రాత్రి ఒంటిగంట దాకా డేబుక్‌లో జంటలు వెతికి తీయాల్సి వచ్చింది. పార్టీలకు అప్పటికే బాకీ లిస్టులు వెళ్లిపోయాయి. బాకీ ఉన్నవాళ్లకు లేనట్టు చూపించాం, అది సరిచేసి చెప్పుకోవడం ఆ యజమానికి ఎంత ఇబ్బందో దగ్గరుండి చూశాను.

అప్పటి నుంచి మూడు పనులు చేయకుండా ఇంపోర్ట్ బటన్ నొక్కను. ఆల్ట్+వై నొక్కి బ్యాకప్ తీస్తాను. స్టాటిస్టిక్స్ రిపోర్టులో ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకుంటాను. ఎక్కించాక మళ్లీ అదే రిపోర్టు తెరిచి, పెరిగిన సంఖ్య నా షీటు వరుసలతో సమానమా అని చూస్తాను. ఆపైన టాలీలో బ్యాంకు లెడ్జర్ ముగింపు నిల్వ, స్టేట్‌మెంటు చివరి నిల్వ పైసాతో సహా కలవాలి. ఈ సరిపోలిక ఉండడమే బ్యాంకు ఫైలుకున్న అదృష్టం. ఎక్కించింది సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి బయటి సాక్ష్యం ఉంది. అందుకే ఎక్సెల్ దారి నేర్చుకునేవాళ్లందరినీ బ్యాంకు ఫైలుతోనే మొదలుపెట్టమంటాను.

మిర్చి వరుసలో మాయమైన సున్నా

షీటు తనంతట తాను చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. వీటిని ఎవరూ టైపు చేయరు, ఎక్సెల్ మంచి చేయబోయి చేస్తుంది.

గుంటూరులో మిర్చి వ్యాపారి షీటు చూద్దాం. ఎండుమిర్చి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే నంబరు) 0904. గడిలో 0904 కొట్టి ఎంటర్ నొక్కగానే అది 904 అవుతుంది. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుంది, అంకెకు ముందు సున్నా ఎందుకని తీసేసింది. పసుపు 0910దీ అదే గతి. మూడంకెల హెచ్‌ఎస్‌ఎన్‌తో లోపలికి పోయిన సరుకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేసే రోజున అడ్డం తిరుగుతుంది. బియ్యం 1006తో పనిచేసేవాళ్లకు ఈ సమస్యే రాదు. అందుకే ఒక షాపులో చక్కగా నడిచిన టెంప్లేట్ ఇంకో షాపులో మొరాయిస్తుంది. మందు చిన్నదే. డేటా పేస్ట్ చేయకముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. పేస్ట్ చేశాక పెడితే పోయిన సున్నా తిరిగి రాదు.

పొడవాటి నంబర్లది ఇంకో కథ. 12 అంకెల ఈ-వే బిల్లు నంబరు, యూపీఐ రిఫరెన్స్ నంబరు మామూలు గడిలో ‘ఈ+11’ తోకతో కుదించుకుపోయి కనిపిస్తాయి. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు నంబరు పోయినట్టే. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. చెల్లింపుల ఫైలులో ఇది జరిగితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

తారీఖులు అన్నిటికంటే మోసకారివి. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 05-04-2025 అన్న ఏప్రిల్ 5ను మే 4 అనుకుంటుంది. 13-04-2025ను మాత్రం తారీఖే కాదనుకుని అక్షరాలుగా వదిలేస్తుంది. కంటికి రెండూ బాగానే కనిపిస్తాయి. పట్టుకోవడానికి నేను రెండు గుర్తులు చూస్తాను. మీరు అలైన్‌మెంట్ మార్చని గడిలో నిజమైన తారీఖు కుడివైపు ఆనుకుని ఉంటుంది, అక్షరాలుగా మిగిలినది ఎడమవైపు ఉంటుంది. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉన్నాయంటే ఆపేయండి. రెండోది, ఫిల్టర్ బాణం నొక్కండి. ఏప్రిల్ ఫైలులో జనవరి నుంచి డిసెంబరు దాకా నెలలు కనిపిస్తే అన్నీ తారుమారైనట్టే.

పేర్ల సంగతి మన ప్రాంతంలో మరీ ఎక్కువ. లక్ష్మికి ఇంగ్లీషులో ‘కే, ఎస్, హెచ్’ రాసేవారు కొందరు, ‘ఎక్స్’ పెట్టేవారు కొందరు. వెంకటేశ్వర పేరు ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కే లేదు. కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు పార్టీలు. పేరుతో పోల్చొద్దు, జీఎస్టీ నంబరుతో పోల్చండి. 15 అక్షరాలు, అవి ఎవరూ రెండు రకాలుగా రాయరు. నంబరు పక్కన లెడ్జర్ పేరున్న పట్టిక పెట్టుకుని, ఎక్స్‌లుకప్‌తోనో పాత ఎక్సెల్ అయితే వీలుకప్‌తోనో పేరు తెప్పించుకోండి. రిజిస్ట్రేషన్ లేని చిన్న పార్టీలకు డేటా వ్యాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెడితే కొత్త స్పెల్లింగ్ పుట్టే దారే ఉండదు.

జీఎస్టీ నంబరు ఉన్నచోట ఇంకో చెక్కు ఉచితంగా దొరుకుతుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు. ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36. గుంటూరు షాపుకు హైదరాబాద్ బేగంబజార్ నుంచి సరుకొస్తే మామూలుగా ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి వచ్చే సరుకు మీద పన్ను) పడాలి, విజయవాడ నుంచి వస్తే, అంటే ఒకే రాష్ట్రంలో అయితే, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. 37తో మొదలైన వరుసలో ఐజీఎస్టీ కాలమ్‌లో అంకె ఉంటే ఎర్రరంగు పడేలా పెట్టుకోండి. ఎర్రబడినదల్లా తప్పని కాదు, బిల్లు తీసి ఒకసారి చూడమని.

పన్ను రేటును హెచ్‌ఎస్‌ఎన్‌తోనే తెప్పించుకునే షీట్లు 2025 సెప్టెంబర్ 22న చాలాచోట్ల దెబ్బతిన్నాయి. ఆ రోజు నుంచి ఒంటిసబ్బులు, తలనూనె 18 నుంచి 5 శాతానికి, సిమెంటు 28 నుంచి 18కి వచ్చాయి. రేటు పట్టికలో పాత అంకె దిద్దేసినవాళ్లకు సెప్టెంబర్ మొదటి మూడు వారాల బిల్లులు కూడా కొత్త రేటుతో లెక్క పడ్డాయి. రేటు పట్టికలో ‘ఎప్పటి నుంచి’ అన్న కాలమ్ ఒకటి ఉండాలి. బిల్లు తారీఖు చూసి రేటు ఎంచుకునేలా ఫార్ములా కట్టాలి. అది కష్టమనిపిస్తే ఆ నెల బిల్లులు రెండు షీట్లుగా విడగొట్టుకోండి.

2బీ నుంచి కొనుగోళ్లు ఎక్కించొచ్చా?

ఇది చాలామందికి ఉన్న ఆశ. ప్రతి నెలా 14న 2బీ తయారవుతుంది. అందులో సరఫరాదారు జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తారీఖు, పన్ను విలువ, పన్నులు అన్నీ ఉంటాయి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు 20లోగా 3బీ (ఆ నెల పన్ను కట్టే రిటర్న్) వేయాలి. మధ్యలో ఆరు రోజులే. ఆ ఎక్సెల్‌నే కొనుగోలు వోచర్లుగా తోసేస్తే పని అయిపోతుంది కదా అని.

సాంకేతికంగా కుదురుతుంది. నేను మాత్రం వద్దంటాను. సరఫరాదారు పొరపాటున మీ నంబరు మీద వేసిన బిల్లు కూడా 2బీలో ఉంటుంది. దారిలో ఉన్న సరుకు బిల్లూ ఉంటుంది. కొన్నప్పుడు కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవాలంటే బిల్లు మీ చేతిలో ఉండాలి, సరుకు మీకు చేరి ఉండాలి అని జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. పైగా 2బీలో సరుకుల వివరాలు ఉండవు. టాలీలో స్టాకు నడిపే షాపుకు అది ఎలాగూ చాలదు.

స్టాకు లేకుండా లెక్కలు మాత్రమే నడిపే చోట ఒక మధ్యేమార్గం ఉంది. 2బీ వరుసల పక్కన ‘బిల్లు చూశాను’ అని ఒక ఖాళీ కాలమ్ పెట్టండి. బిల్లుల కట్ట తీసుకుని ఒక్కొక్కటీ చూస్తూ టిక్కు పెట్టండి. టిక్కు పడ్డవే ఎక్కించండి. టైపింగ్ పోయింది, బిల్లు చూడడం మిగిలింది. మనిషి చేయాల్సిన పని ఆ చూడడమే కాబట్టి ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. టిక్కు పడని వరుసలు, 2బీలో లేని బిల్లులు, ఈ రెండు జాబితాలూ అక్కడికక్కడే తేలిపోతాయి.

స్టాకు ఉన్న షాపు కొనుగోళ్లు మాత్రం చేత్తోనే, టాలీలోనే. బిల్లుకు ఐదారు రకాల సరుకులు, ఉచితంగా వచ్చినవి, డిస్కౌంట్లు, హమాలీ, రవాణా. వీటన్నిటినీ షీటు కాలమ్‌లలో ఇరికించడానికి పడే పాట్లు చూస్తే నేరుగా కొట్టడమే హాయి. షీటులో చేయాలనే పట్టుదల ఉంటే చివర ఒక తేడా కాలమ్ తప్పనిసరి. విలువ, పన్నులు, రౌండాఫ్ కలిపి బిల్లు మొత్తం తీసేస్తే సున్నా రావాలి. ఆ తేడాను రెండు దశాంశాలకు రౌండ్ చేసి చూడండి, లేకపోతే కంటికి సున్నాగా కనిపించేది లోపల సున్నా కాకపోవచ్చు.

మిగిలిన దారులు

ఇంకా టాలీ ఈఆర్‌పీ 9 మీదే నడుస్తున్నవాళ్లకు ఎక్సెల్ నేరుగా ఎక్కదు, ఎక్స్‌ఎంఎల్‌గా మార్చాలి. దానికి మాక్రో షీట్లు (తమంతట తామే నడిచే ఆదేశాలున్న ఎక్సెల్ ఫైళ్లు) వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. కొన్ని నిజంగా బాగా చేసినవే. కానీ ఎవరు రాశారో తెలియని మాక్రో మీ బ్యాంకు వివరాలున్న కంప్యూటర్‌లో నడుస్తుందని గుర్తుంచుకోండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తనంతట తాను అడ్డుకుంటున్నది అందుకే. కావాలనుకుంటే ముందు కంపెనీ డేటాకు ఒక నకలు తీసి దాని మీద నడిపి చూడండి. నా మాట వింటే ఆ శ్రమ కంటే టాలీప్రైమ్‌కు మారడమే తేలిక.

డబ్బు పెట్టి కొనే కన్వర్టర్లు, బిల్లు ఫొటో తీస్తే చదివి వోచర్ చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక్క షాపు లెక్కలు చూసుకునేవాళ్లకు ఇవి అక్కర్లేదు. ఇరవై ముప్పై మంది క్లయింట్లున్న ఆఫీసుకు పనికొస్తాయి. కొనేముందు అమ్మేవాళ్లు చూపించే శుభ్రమైన బిల్లు చూసి తీర్మానించకండి. మీ దగ్గరున్న బిల్లుల్లో అన్నిటికంటే అధ్వానమైన పది తీయండి. కార్బన్ కాపీ, మడత మీద చిరిగినది, చేత్తో దిద్దినది, తెలుగులో రాసినది. వాటిని చదివించి చూడండి. ముద్రించిన బిల్లుల మీద బాగా పనిచేసేవి కార్బన్ కాపీల దగ్గర తడబడడం నేను చూశాను. ఎన్ని దిద్దాల్సి వచ్చిందో చూసుకుంటే ధర గిట్టుతుందో లేదో మీకే తెలుస్తుంది.

మనిషి బదులు కీబోర్డు నొక్కుతున్నట్టు నటించే మాక్రో ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. వద్దు. మధ్యలో ఒక చిన్న విండో వచ్చినా అంకెలు పోవాల్సిన గడి బదులు ఇంకో గడిలో పడతాయి, చూసే మనిషి ఉండడు.

గూగుల్ షీట్స్‌కు మాత్రం వేరే చోటు ఉంది. గోడౌన్ ఒకచోట, షాపు ఒకచోట ఉన్నవాళ్లకు అది బంగారం. గోడౌన్‌లో కుర్రాడు ఫోన్‌లోనే డ్రాప్‌డౌన్ నుంచి సరుకు పేరు ఎంచుకుని బస్తాలు వేస్తాడు, ఇక్కడ మీకు అప్పుడే కనిపిస్తుంది. రోజు చివర ఎక్సెల్‌గా దించుకుని ఎక్కించుకోవచ్చు. ఎవరు ఏ గడి మార్చారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. ఫార్ములాలున్న కాలమ్‌లకు ప్రొటెక్షన్ పెట్టడం మరవకండి.

ఎవరికి ఏది?

నెలకు యాభై అరవై బిల్లులున్న చిన్న షాపుకు బ్యాంకు ఒక్కటే ఎక్సెల్ నుంచి, మిగతావన్నీ నేరుగా. కొత్తగా టాలీ పెడుతున్న షాపు అయితే రెండు వేల సరుకుల పేర్లు, పార్టీల పేర్లు, ఓపెనింగ్ బాకీలు ఎక్సెల్ నుంచే ఎక్కించండి. మాస్టర్లు ఒక్కొక్కటిగా చేయడం కంటే పెద్ద వృథా లేదు. మాస్టర్లు ఎక్కించేటప్పుడు, ఆ పేరు ఇప్పటికే ఉంటే ఓపెనింగ్ బ్యాలెన్సులు కలపాలా, వదిలేయాలా, కొత్తదానితో మార్చాలా అని ఒక ఐచ్ఛికం ఉంటుంది. చదవకుండా కలపడం ఎంచుకుంటే అదే ఫైలు రెండోసారి ఎక్కించినప్పుడు పార్టీ బాకీ రెట్టింపు అవుతుంది.

కౌంటర్ బిల్లింగ్ వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సూపర్ మార్కెట్‌కు అమ్మకాలు రోజువారీ మొత్తంగా, రేటు వారీగా విడగొట్టి ఎక్సెల్ నుంచి. జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారుల బిల్లులు మాత్రం ఒక్కొక్కటిగా రావాలి, రిటర్న్‌లో అవి విడివిడిగా చూపాలి కాబట్టి. జీతాలు, తరుగుదల, సర్దుబాటు జర్నల్స్ లాంటివి నెలకు నాలుగైదు ఉంటాయి. వాటికి షీటు తయారు చేసేలోపు ఎఫ్7 నొక్కి ముగించేయొచ్చు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ జాడ ఉండాలి. తప్పు ఫైలు ఎక్కించి, తీసేసి, మళ్లీ ఎక్కిస్తే ఆ తొలగింపులన్నీ ఎడిట్ లాగ్‌లో వరుసగా నిలుస్తాయి. నేరమేమీ కాదు గానీ ఆడిటర్ గారు అడుగుతారు. కంపెనీ పుస్తకాలకు ముందు నకలు డేటాలో ఎక్కించి చూసుకున్నాకే అసలు దానిలోకి వెళ్లండి.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఒకాయన తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) కూడా షీటులో పెట్టిస్తావా అని అడిగారు. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు, కాటా, తరుగు, కమీషన్, హమాలీ అన్నీ అప్పటికప్పుడు తేలాలి, కాగితం చేతికివ్వాలి. అది చూశాక ఆయనకు తక్‌పట్టీలు చేత్తోనే కానివ్వండి అని చెప్పాను. సాయంత్రం ఆ పట్టీల మొత్తాలు మాత్రం పట్టీ నంబరు, రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), నికర మొత్తం, ఈ నాలుగు కాలమ్‌ల షీటులో వాళ్లబ్బాయి వేస్తున్నాడు. వరుసలో ఒక పట్టీ నంబరు తప్పిపోతే గడి ఎర్రబడుతుంది. అప్పుడు పట్టీ పుస్తకం తెరిచి ఆ కార్బన్ కాపీ వెతుక్కుని, దాన్నీ వేశాకే ఆ రోజు ఫైలు టాలీలోకి వెళుతుంది.